పసిబిడ్డ ఎదలో పాలు

మా ఊళ్లో నన్ను చొక్కా తాత అంటారు. ఎండాకాలంలో ఈ మెట్ట మీద బండలు కూడా కాలిపోయే వేళకు నా ఈడు మగవాళ్లంతా ఒక పంచె చుట్టుకుని, భుజాన తువ్వాలు వేసుకుని, పాల కేంద్రం అరుగు మీద చేరతారు. నేను మాత్రం మెడదాకా గుండీలు పెట్టుకున్న చొక్కాతో కూర్చుంటాను. కరెంటు పోయి ఫ్యాను ఆగినా అంతే.

"ఏమప్పా, చొక్కాతోనే పుట్టినావా?" అని ఎవడైనా అంటే, "నువ్వు సిగ్గు లేకుండా పుట్టలేదా, ఇదీ అట్లనే" అని నోరు మూయిస్తాను.

నోరు మూయించడంలో నాకు పేరుంది. నేను బడికి పోయింది తక్కువ. అంగట్లో బెల్లం చుట్టి ఇచ్చిన కాగితాలతో అక్షరాలు కూడబలుక్కున్నాను. తర్వాత గ్రంథాలయంలో పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, అందులో వచ్చే వైద్యం ముక్కలతో సహా, ఒక్క అక్షరం వదలకుండా చదవడం పట్టుకున్నాను. చదివింది నలుగురికీ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. అవతలి వాడు ఒప్పుకోకపోతే కోపం వస్తుంది. ఈ కోపాన్ని నేను చాలా కాలం జ్ఞానం అనుకున్నాను.

చొక్కా విప్పితే గానీ లోపలికి రానివ్వని గుడి ముందు నిలబడి, దేవుడికి నా చొక్కాతో ఏం పని అని పూజారితో వాదించి వెనక్కి వచ్చాను ఒకసారి. ఊళ్లో నన్ను నాస్తికుడు అన్నారు. కాదనలేదు. ఆ పేరు నాకు అక్కరకొచ్చింది. నిజానికి దేవుడితో నాకు తగువేమీ లేదు. తగువంతా చొక్కా కింద ఉన్నదానితో.

నా ఎడమ రొమ్ము ఉండాల్సిన చోట గుంట ఉంది. చుట్టూ చర్మం, గింజల మూట మూతిని తాడుతో బిగించినట్టు, ముడుచుకుని ఉంటుంది. చిన్నప్పుడు బావిలో ఈతకు దిగితే తోటి పిల్లలు ఒంటి రొమ్మోడు అని పేరు పెట్టారు. ఒకడు ఆ గుంటలో వేలు పెట్టి, "లోపల యాడిదాకా పోతాదిరా ఇది?" అని తిప్పి చూశాడు. గట్టు మీద ఉన్న వాళ్లంతా నవ్వారు. ఆ రోజు నుంచి నేను ఈతకు పోలేదు. మా అమ్మను అడిగితే, "పురిట్లో సాంబ్రాణి వేసినప్పుడు నిప్పురవ్వ పడిందిరా అబ్బీ" అంది. నమ్మాను. పెళ్లిలో నలుగు పెట్టేటప్పుడు బనీను విప్పనని మొండికేశాను. నా భార్య బతికున్నన్నాళ్లూ దాని గురించి ఒక్క మాట అడగలేదు. అది ప్రేమ అనుకున్నాను. ఆమెకూ సిగ్గుగా ఉండిందేమో తెలియదు, అడుగుదామంటే ఇప్పుడు మనిషి లేదు.

పోయిన వేసవిలో మా మనవరాలికి కానుపైంది. కొడుకు కూతురు. ఆ పిల్లకు తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి లారీ మీద తిరుగుతుంటాడు, భర్తకు బెంగళూరులో డ్రైవరు పని. అందుకని కదిరిలో కానుపు కాగానే బిడ్డతో సహా మా ఇంటికే తెచ్చుకున్నాం. పురుడంతా మా అక్క చేతుల మీద.

మా అక్క నాకంటే చాలా పెద్దది. నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి. భర్త పోయినప్పటి నుంచీ నా దగ్గరే ఉంటుంది. నడుము వంగింది గానీ చేతులు ఇంకా గట్టివే. పసిబిడ్డలకు నీళ్లు పోయడానికి ఊరంతా ఆమెనే పిలుస్తారు. పీట మీద కూర్చుని కాళ్లు చాపి, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాసి, ముక్కూ తలా సవరించి, వేడినీళ్లు పోస్తుంది. మా ఊళ్లో ఇప్పుడు మీసాలు తిప్పుతున్న మగవాళ్లలో సగం మంది ఆ కాళ్ల మీద ఏడ్చినవాళ్లే.

బిడ్డ ఇంటికి వచ్చిన రోజు నుంచీ నాకూ మా అక్కకూ యుద్ధం. కంటికి కాటుక వద్దన్నాను. ముక్కులో ఆముదం చుక్కలు వద్దన్నాను. బొడ్డు మీద బూడిద చల్లబోతే చెయ్యి పట్టుకున్నాను.

"గమ్మునుండు," అంది మా అక్క. "నువ్వు కనినావా, పెంచినావా? బిడ్డ ఏడిస్తే పేపరు పిండి పాలు పోస్తావా?"

"పేపర్లో రాసినోడు డాక్టరు."

"వానికి నీళ్లు పోసింది ఎవురో అడుగు పో."

మనవరాలు నవ్వింది కానీ నా పక్షమే నిలబడింది. బూడిద పోయింది, ఆముదం పోయింది, కాటుక కంట్లోంచి అరికాలికి దిగింది. నేను గెలిచానని పాల కేంద్రం దగ్గర చెప్పుకున్నాను కూడా.

గెలవనిది బచ్చలింట్లో. పెరట్లో నీళ్లు పోసుకునే చోటది, చుట్టూ పాత చీర కట్టి ఉంటుంది. పురిటి రోజుల్లో మగవాడు ఆ పక్కకు పోడు. పోవాలని నాకూ తోచలేదు. పొద్దున చీర వెనక నుంచి నూనె వాసన, ఆవిరి, మా అక్క ఏదో పలకరింపు వచ్చేవి. నడుమ ఒకసారి బిడ్డ గుక్క తిప్పుకోకుండా ఏడ్చేది. నీళ్ల వేడికి అనుకునేవాణ్ని. ఏడుపు వినపడకుండా పేపరు కొంచెం గట్టిగా చదువుకునేవాణ్ని.

కొన్నాళ్లకు బిడ్డ ముఖం పచ్చబడింది. నేను వెంటనే కామెర్లు అని తేల్చేశాను. పసిబిడ్డల కామెర్ల గురించి చదివి ఉన్నాను గదా. లేత ఎండలో పట్టుకుని కూర్చోవాలని చెప్పి, గుడ్డలు చుట్టిన బిడ్డను ఒళ్లో పెట్టుకుని వాకిట్లో కూర్చున్నాను. అప్పటికే బిడ్డ పాలు సరిగా తాగడం లేదు.

"తాతా, ఈ పక్కన ఎత్తుకుంటే ఏడుస్తాండాది. ఆ పక్కన ఎత్తుకుంటే ఊరుకుంటాది," అంది మనవరాలు.

"కామెర్లుంటే అట్లనే చిరాకు పడతారు," అన్నాను. ఇది నేను ఎక్కడా చదవలేదు. నోటికి వచ్చింది చెప్పాను.

మా అక్క దిష్టి అంది. నేను కామెర్లు అన్నాను. మాటలు పెరిగి, చివరికి నల్లమాడలో డాక్టరమ్మకు చూపిద్దామని మనవరాలే తేల్చింది. పురుడు తీరని బిడ్డను తను లేకుండా పంపనని మా అక్క కూడా, గాలీ ధూళీ సోకకుండా వేపమండ, ఇనుప మేకు కొంగున కట్టుకుని ఆటో ఎక్కింది.

ఆ డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. పామిడి ప్రాంతం పిల్ల అని మాటను బట్టే తెలుస్తుంది. ఒకే గది, దాని ముందు వసారాలో రోగులకు బెంచీ, నడుమ ఒక కర్టెన్. దగ్గుకూ జ్వరానికీ బీపీకీ పసిబిడ్డకూ అన్నిటికీ ఆమే. మా వంతు రాగానే నేను ముందు కుర్చీలో కూర్చున్నాను. కూర్చోవాల్సింది బిడ్డ తల్లి అని నాకు తట్టలేదు.

"పాలు యెట్ల తాగుతాంది?" అని ఆమె మనవరాలిని అడిగింది.

"రెండు దినాలుగా తగ్గించింది," అన్నాను నేను.

"రొమ్ము పట్టుకోలేకపోతాందా, పట్టుకోని వదిలేస్తాందా?"

"కామెర్లున్న బిడ్డ గదమ్మా, నీరసంగా..."

"తాతా, పాలిచ్చేది మీరా?"

కర్టెన్ అవతల బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. లేచి మనవరాలికి కుర్చీ ఇచ్చాను. కానీ నోరు ఊరుకుంటుందా? నిలబడే అడగడం మొదలుపెట్టాను. తుమ్ములు వస్తున్నాయి, జలుబా? మామూలే, ముక్కు శుభ్రం చేసుకుంటాది, అంది. ఎక్కిళ్లు? మామూలే. మోకాళ్ల దగ్గర, మడమల దగ్గర తోలు పొట్టు లేస్తోంది? ఇన్ని నెలలు నీళ్లలో ఉండి వచ్చిన బిడ్డ, పొట్టు లేస్తాది. ముక్కు మీద తెల్ల చుక్కలు? గిల్లొద్దు, పోతాయి.

మనవరాలు నా వైపు ఒకసారి చూసి, డాక్టరమ్మ చెవి దగ్గరికి వంగి ఏదో చెప్పింది. నేను గోడ మీది క్యాలెండరు వైపు తిరిగాను. డాక్టరమ్మ గుసగుసలాడలేదు. "గుడ్డకు రక్తం చుక్క అంటిందా? ఆడబిడ్డల్లో కొందరికి కనపడతాది. కడుపులో ఉన్నప్పుడు తల్లి రక్తంలోంచి బిడ్డకు పోయింది ఒకటుంటాది, అది దిగిపోతాంటే అట్లయితాది. ఇంకా వస్తాంటే చెప్పు," అంది, తుమ్ముల గురించి చెప్పినంత మామూలుగా. ఆ మాటను అంత మామూలుగా అనవచ్చని నాకు ఈ వయసు దాకా తెలియదు.

నాకు కోపం వచ్చింది. "అన్నీ మామూలే అంటాండావు. ఇంక మేం ఇంత దూరం వచ్చిందేంటికి?"

"మామూలువి ఏవో పక్కన పెడితేనే గదా తాతా, కానిది దొరికేది," అని ఆమె బిడ్డను ఎత్తుకుని కిటికీ దగ్గరికి పోయింది.

అక్కడ వెలుతురులో బిడ్డ ముక్కు కొన మీద వేలితో నొక్కి వదిలి చూసింది. నుదుటి మీద నొక్కి చూసింది. "పసుపుంది గానీ ముఖంలోనే కనపడతాంది. కిందికి ఎంత దిగిందో చూడాల. ఎండలో పెడితే తగ్గదు, పాలు బాగా పట్టాల. బట్టలన్నీ తీయమ్మా."

మనవరాలి చేతులు కదల్లేదు. మా అక్క వైపు చూసింది.

"గాలి కొడతాండాది ఈడ," అంది మా అక్క. "ముఖం చూసినావు గదా, చాల్లే."

"కిటికీ మూస్తా అవ్వా," అని డాక్టరమ్మ కిటికీ మూసి, లైటు వేసి, బిడ్డను బల్ల మీద పడుకోబెట్టి తనే ముడులు విప్పింది.

బిడ్డ ఎడమ ఎద ఎర్రగా, ఉసిరికాయంత వాచి, తోలు బిగుసుకుని మెరుస్తోంది. కుడి పక్కన కూడా కొంచెం ఉబ్బు ఉంది కానీ రంగు మారలేదు. డాక్టరమ్మ వేలు ఇంకా తాకకముందే బిడ్డ ఏడుపు ఎత్తుకుంది. ఆ ఏడుపు నాకు తెలుసు. పొద్దున పూట చీర వెనక నుంచి వచ్చేది అదే.

ఆమె ముందు బిడ్డ చంకలో జ్వరం చూసింది. పొట్ట వైపే కన్నార్పకుండా చూస్తూ ఊపిరి లెక్కపెట్టుకుంది. మాడు తడిమింది, బొడ్డు చూసింది, చేతులూ కాళ్లూ కదిలించి చూసింది.

"కుడి పక్కది మామూలు," అంది చివరికి. "ఎడమది కాదు. ఎవురైనా పిండినారా?"

మనవరాలు తల దించుకుంది. మా అక్క తల ఎత్తింది.

"నేనే. నీళ్లు పోసినప్పుడల్లా పిండినా. పుట్టిన బిడ్డకు ఎదలో చెడుపాలు చేరతాయి, తీయకపోతే యెట్లమ్మా? ఆడబిడ్డ. రేపు ఎదిగినాక నలుగురిలో తిరగాల్నా వద్దా?"

ఆమె గొంతులో దాపరికం లేదు. చేయాల్సిన పని సరిగా చేసిన మనిషి గొంతు అది. నాకు ఆ క్షణాన మా అక్కను చూసి సిగ్గేసింది. ఆమె నా మనిషి కానట్టు అర అడుగు పక్కకు జరిగాను కూడా. ఇది ఎవరూ గమనించలేదు, నేను తప్ప.

డాక్టరమ్మ కోప్పడలేదు. "చెడుపాలు కాదవ్వా. ఇందాక రక్తం చుక్క గురించి చెప్పినా చూడు, ఇదీ అదే. తల్లి నుంచి వచ్చినదానికి ఎద ఉబ్బుతాది, ఒక్కోసారి చుక్క పాలు కూడా వస్తాయి. మగబిడ్డలకూ వస్తాయి. ముట్టకపోతే వాటంతట అవే ఇంకిపోతాయి. పిండితే లోపల గాయమై చీము పడతాది." తర్వాత మనవరాలి వైపు తిరిగింది. "అమ్మా, ఇది ఈడ చూసేది కాదు. ఈ పొద్దే అనంతపురం పెద్దాసుపత్రికి పోవాల. మందు నరానికి ఎక్కించాల. చీము గట్టిగా చేరిందంటే కోయాల్సొస్తాది. లోపల మొగ్గలాగ ఉండేది దెబ్బ తినిందంటే, రేపు పెద్దయినాక ఆ పక్క ఎదగదు. అంతకంటే ముందు, ఇంత చిన్న బిడ్డకు ఆ చీము రక్తంలో కలిసిందంటే ప్రాణానికే మోసం."

మనవరాలు నిలబడిపోయింది. మా అక్క మాత్రం కొంగు సర్దుకుని లేచింది.

"పురుడు తీరని బిడ్డను అనంతపురమా? సూదులా? ఇట్లాంటివి నేను చూడలేదనుకున్యావా? పసుపూ వేపాకూ నూరి పట్టేస్తే పగిలి మానిపోతాది. మా తమ్మునికి రాలేదా? మా యమ్మ పిండితే ఇట్లనే ఎర్రగైంది. మంగలాయన వచ్చి కత్తితో గీసి పోయినాడు. కాళ్లు పట్టుకున్యది నేనే. ఇప్పుడు చూడు, గుండ్రాయి మాదిరి ఉండాడు. ఏమైంది వానికి?"

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. నిప్పురవ్వ లేదు. సాంబ్రాణి కుంపటి లేదు. దేశంలో ఉన్న సంగతులన్నీ చదివి పక్కవాడికి వినిపించిన వాణ్ని, నా ఎద మీది గుంట గురించి ఒకే ఒక్కసారి, అదీ చిన్నపిల్లాడిగా, అడిగి ఊరుకున్నాను. ఆ జవాబు తెలిసిన మనిషి ఇన్నేళ్లూ నాకు అన్నం పెడుతూ ఉంది.

"నిజమేనా తాతా?" అంది డాక్టరమ్మ.

"అప్పుడు నేను పసిబిడ్డను, నాకేం తెలుసు? నన్నొదిలి బిడ్డ సంగతి చూడమ్మా."

మనవరాలు ఫోను తీసి భర్తకు చేసింది. ఎత్తలేదు. బండి తోలుతుంటాడు. మళ్లీ చేసింది. ఆ పిల్ల కళ్లు మా ముగ్గురి మీదా తిరిగాయి. "మేడం, తాతకు మానిపోయింది గదా. ఒక రెండు దినాలు ఇంట్లోనే రాసి చూస్తే? మా ఆయన వచ్చినాక పోతాం."

"పోదాం పామ్మా," అన్నాను. "డాక్టరు చెప్పింది ఇనాల."

"నువ్వు కామెర్లంటివి," అంది మనవరాలు.

కోపంగా అనలేదు. ఉన్నమాట అంది. వాకిట్లో ఎండకు పట్టుకుని కూర్చున్నప్పుడల్లా ఆ వాపు నా చేతి కిందే ఉంది. నా మాట చెల్లుబాటు అక్కడితో అయిపోయింది. నేనింక ఎన్ని పేపర్లు చెప్పినా ఆ పిల్ల వినదు, వినాల్సిన పనీ లేదు. మా అక్క మాటకు మాత్రం సాక్ష్యం ఉంది. ఆ సాక్ష్యం నేను. గుండీలు పెట్టుకుని, గుండ్రాయిలా, బతికి బట్టకట్టి నిలబడి ఉన్నాను. నేను అట్లా నిలబడి ఉన్నంతసేపూ బిడ్డ ఇంటికే పోతుంది.

పై గుండీ మీద చెయ్యి వేశాను. అది తీశాను. రెండోది చిక్కుకుంది. కర్టెన్ సగం తెరిచి ఉంది, బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్లు, ఒక ముసలాయన మా వైపే చూస్తున్నారు. కర్టెన్ వేయమ్మా అని అడుగుదామనుకున్నాను. అడిగితే ఆగిపోతానేమోనని భయం వేసింది. చొక్కా తెరిచి, బనీను పైకి ఎత్తాను.

ఫ్యాను గాలి ఆ గుంటకు తగిలింది. నా ఒంట్లో ఆ చోటికి పరాయి మనుషుల ముందు గాలి తగిలి ఎన్నేళ్లయిందో. బావి గట్టు, నవ్వులు, ఆ వేలు, అన్నీ ఒక్కసారి వచ్చి నిలబడ్డాయి. బిడ్డ ప్రాణం సంగతి పక్కనుండగా నేను ఆలోచించింది బెంచీ మీది ముసలాయన ఏమనుకుంటున్నాడో అని. ఇది రాస్తుంటే కూడా నాకు తల దించుకోవాలనిపిస్తోంది.

"మానింది ఇట్లా," అన్నాను మనవరాలితో. "చూడు. మగోణ్ని కాబట్టి చొక్కాతో సరిపోయింది."

ఆ పిల్ల నా గుంట చూసింది. బల్ల మీద బిడ్డ ఎద చూసింది. మళ్లీ నాది చూసింది.

"చాలు తాతా," అంది డాక్టరమ్మ నెమ్మదిగా.

మా అక్కకు చూపు సరిగా ఆనదు. రెండడుగులు ముందుకు వచ్చి, వంగిన నడుముతోనే చెయ్యి చాపి, ఆ గుంట మీద అరచెయ్యి పెట్టింది. నూనె అలవాటైన చెయ్యి, మెత్తగా ఉంది.

"ఇంత గుంట పడిందా?" అంది. "మానుతాదని చెప్పినాడే ఆ మంగలాయన."

"మానింది లేక్కా."

ఆమె నా బనీను కిందికి లాగి, చొక్కా గుండీలు తనే పెట్టసాగింది, చిన్నప్పుడు పెట్టినట్టు. చూపు ఆనక ఒక గుండీ తప్పించి పెట్టింది. నేను సరిచేసుకోలేదు.

మనవరాలు బిడ్డకు గుడ్డ చుట్టేసింది. "అనంతపురానికి బస్సు యాడ నిలబడతాది మేడం?" అంది.

ఆసుపత్రిలో పసిబిడ్డల వార్డులోకి తల్లిని తప్ప ఎవరినీ రానివ్వరు. నేనూ మా అక్కా బయట బెంచీ మీద కూర్చున్నాం. వంకర గుండీల చొక్కాను ఒకరిద్దరు చూసి నవ్వుకున్నారు. మా అక్క నేల వైపు చూస్తూ మాట్లాడింది.

"అమ్మ చెప్పొద్దనింది. మగబిడ్డ, పిల్లనెవురూ ఇయ్యరేమోనని భయం ఆమెకు. నేను గూడ చెప్పలేదు. తర్వాత మరిచేపోయినా."

"మరిచిపోయినావా?"

"మరిచిపోయినా అబ్బీ. పిండకపోతే కీడు అన్న మాట గుర్తుండాది గానీ, ఇది గుర్తు లేకపాయె." నా ఎద వైపు తిరిగి, "నొచ్చేదా?" అంది.

"నాకెట్ల గుర్తుంటాది?"

"బిడ్డకు నొచ్చింది గదా. ఏడుస్తాంటే, చెడుపాలు పోతాండాయి అనుకున్యా."

నేనూ విన్నాను ఆ ఏడుపు. పేపరు గట్టిగా చదువుకున్నాను. కాటుక గురించి ఇంటి కప్పు లేచిపోయేలా అరిచినవాణ్ని, చీర వెనక ఏం జరుగుతోందని ఒక్క మాట అడగలేదు. అది ఆడవాళ్ల సంగతని గౌరవించానని చెప్పుకోవచ్చు. నిజం చెప్పాలంటే, ఎద అనే మాట నోటితో అనాల్సి వస్తుందని జంకాను. మా అమ్మ జంకింది, నా భార్య జంకింది, మనవరాలు ఆ వాపు చూసి కూడా తాత ముందు ఎట్లా చెప్పడమని జంకి, "ఈ పక్కన ఎత్తుకుంటే" అని చుట్టుతిప్పి చెప్పింది. నేను చదివిన చదువంతా ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయింది.

చీము ఇంకా చేరలేదన్నారు. మందులతోనే వాపు దిగింది. కత్తి పడలేదు. పసుపు కూడా పాలతోనే తగ్గిపోయింది. లోపలి మొగ్గకు ఏమైనా అయిందా అని అడిగితే, అది పిల్ల ఎదిగితే గానీ తెలియదు అన్నారు. అప్పటికి నేను ఉండను. తెలుసుకోవాల్సింది ఆ పిల్ల, పక్కన వాళ్లమ్మ. ఈ మాట ఎప్పుడు తలుచుకున్నా నా చెయ్యి నా ఎడమ పక్కకు పోతుంది.

ఇంటికి వచ్చాక మా అక్క బిడ్డను ముట్టలేదు. ఒక మూల కూర్చునేది. పక్క వీధిలో కానుపైన ఇంటివాళ్లు నీళ్లు పోయమని పిలిస్తే, "ఎద ముట్టను, ముట్టమన్నారంటే రాను, మీ ఇష్టం" అని చెప్పి పంపింది. వాళ్లు ఇంకొకరిని పిలుచుకున్నారు. నేను ఆ ఇంటికి పోయి తిట్లు తిని, చెప్పాల్సింది చెప్పి వచ్చాను. ఈసారి ఎద అన్న మాట నోటితోనే అన్నాను.

మనవరాలికి ఒక్కదానికే బిడ్డకు నీళ్లు పోయడం చేతకాలేదు. బిడ్డ జారుతుందని భయం. "అవ్వా, నువ్వే నీళ్లు పోయి" అంది. మా అక్క గోడ వైపు తిరిగింది. మళ్లీ పిలిస్తే లేచి, పీట తీసుకుని బచ్చలింట్లోకి పోయి, చీర పక్కకు తొలగించి, నన్ను పిలిచింది.

"రా ఈడికి. కూచో. నా చేతులు యాడ పోతాయో చూసుకుంటా కూచో."

"నేనెందుకక్కా?"

"చూడు. ఇన్నాళ్లూ చూడకనే గదా."

పురిటి బచ్చలింట్లోకి నేను అడుగుపెట్టడం అదే మొదలు. తడి బండ మీద గొంతుక్కూర్చున్నాను. మా అక్క కాళ్లు చాపి బిడ్డను పడుకోబెట్టుకుంది. తలకు నూనె రాసింది, వీపు రుద్దింది, కాళ్లు సాగదీసింది. ఎద దగ్గరికి వచ్చేసరికి చేతులు రెండూ పైకెత్తి నాకు చూపించింది, దొంగను పట్టుకున్నప్పుడు వాడు చూపించినట్టు. నాకు ఆమె ముఖంలోకి చూడబుద్ధి కాలేదు. అక్కడ నీళ్లు మాత్రం పోసింది. బిడ్డ ఏడవలేదు, కళ్లు తెరిచి ఆవిరి వైపు చూస్తోంది.

ఆ నీళ్లు చింది నా చొక్కా ముందు భాగమంతా తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

"తీసి ఆరేయి," అంది మా అక్క. "మేమే గదా ఉండేది."

చెయ్యి గుండీ దాకా పోయింది. అక్కడే ఆగిపోయింది.

"ఉండనీ లేక్కా," అన్నాను. "నువ్వు నీళ్లు పోయి."

ఆమె ఇంకో చెంబు ముంచింది. నేను ఆ తడి చొక్కాతోనే, ఆమె చేతుల వైపు చూస్తూ కూర్చున్నాను.